బోరు బిట్టుకు పళ్ళు ఎలా వచ్చాయి?



మొన్న ఎండాకాలంలో కోరుట్లలో మా తమ్ముడి పెరట్లో బోరు వేయించారు. నూరు అడుగులు దాటేసరికి బండ తగిలింది. మన జగిత్యాల, సిరిసిల్ల వైపు ఆ బండ ఎంత గట్టిదో మీరెరుగుదురు. బోరు బండి మనిషి బిట్టును పైకి తీస్తే, దాని మూతి నిండా గోలీల వంటి గుండీలు వున్నాయి. "ఇవి ఉక్కువే గదా?" అన్నాను. "కాదు సార్, ఉక్కువైతే ఎప్పుడో అరిగిపోను," అని నవ్వాడు. ముప్ఫై యేళ్ళు సైన్సు చెప్పిన నాకు ఆ నవ్వు గట్టిగానే తగిలింది!

అవి టంగ్‌స్టన్ కార్బైడు గుండీలు. టంగ్‌స్టన్ అనే లోహమూ, బొగ్గులో వుండే కర్బనమూ కలిసిన పదార్థం అది. ఇనుములా కరిగించి పోతపోయడానికి లొంగదు. దాదాపు 2,800 డిగ్రీల వేడి కావాలి. 1923లో జర్మనీలో కార్ల్ ష్రోటర్ ఒక ఉపాయం కనిపెట్టాడు. కార్బైడు పొడిలో కాస్త కోబాల్టు పొడి కలిపి, సున్నుండలా అదిమి, కొలిమిలో పెట్టాలి. సుమారు 1,400 డిగ్రీల దగ్గర కోబాల్టు కరిగి గింజల సందుల్లోకి పారుతుంది. గింజలు దగ్గరకు జరుగుతాయి. ముక్క పొడవులో ఆరోవంతు దాకా కుంచించుకుపోతుంది.

అసలు వింత ఇక్కడే వుంది. కరిగిన కోబాల్టు పాకం వంటిది. కార్బైడు అందులో కొంచెం కొంచెంగా కరుగుతుంది. చిన్న గింజ పైన వున్న అణువులను పట్టి వుంచే పొరుగు అణువులు తక్కువ. అందుచేత చిన్నవి ముందు కరుగుతాయి. ఆ సరుకంతా పోయి పెద్ద గింజల మీద పేరుకుంటుంది. పాకంలో పటికబెల్లం పలుకు పెరిగినట్టే, పెద్దవి ముక్కోణపు దిమ్మెల వంటి స్ఫటికాలై పెరుగుతాయి.

గింజలు మరీ లావైతే గట్టిదనం తగ్గుతుంది. లోహాన్ని చెక్కే పనిముట్లకు సన్న గింజలే కావాలి గనుక, చిటికెడు వెనేడియం కార్బైడు కలిపి పెరగకుండా ఆపుతారు. బండను మోదే బిట్టుకు మాత్రం కాస్త ముతక గింజలే మేలు. దెబ్బకు తొందరగా పగలవు.

వెనేడియమంటే జ్ఞాపకం వచ్చింది. కోరుట్లకు పడమరగా, కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం వుంది. పూర్వం అక్కడి కమ్మరులు మూసలలో కాచిన ఉక్కు పర్షియా దాకా పోయేది. అటువంటి ఉక్కుతో చేసిన కత్తుల మీద నీటి అలల వంటి చారలు కనబడేవి. అవి ఇనుప కార్బైడు గింజల వరుసలు! ఉక్కులో లేశమంత వుండే వెనేడియం వంటి లోహాలే ఆ వరుసలకు మూలమని 1998లో అమెరికాలో వెర్‌హోవెన్ బృందం ప్రకటించింది. ఒకచోట గింజను ఆపేది, మరొకచోట వరుసలో నిలబెడుతుందన్నమాట.

బోరు సంగతా? 260 అడుగులకు నీళ్ళు పడ్డాయి. బిట్టుకు రెండు గుండీలు ఊడాయి. ఒకటి అడిగి తెచ్చుకున్నాను. దానితో గాజుపెంకు మీద గీత పడుతుందో లేదో చూడాలని మా మనవడు దాన్ని వదలటం లేదు.