ధాన్యపు రాశి, బ్యాంకు లాభం

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి హైదరాబాదుకో గల్ఫుకో వెళ్ళి నాలుగు రాళ్ళు వెనకేసుకుంటున్న యువకులు తరచుగా మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతున్నారు: "మౌలానా సాబ్! ఫలానా బ్యాంకు షేరు పీఈ ఎనిమిదే ఉంది, చాలా చౌక అంటున్నారు. కొనవచ్చునా?" ఇందులో రెండు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. ఆ షేరు నిజంగా చౌకేనా? అది మనకు ధర్మసమ్మతమేనా? రెండింటి జవాబూ ఆ బ్యాంకు లాభంలోనే ఉంది.

మన ప్రాంతంలో పొలం కొనేవారు ఎకరం ధరను, దానిపై ఏటా వచ్చే కౌలుతో పోల్చి చూస్తారు. పీఈ నిష్పత్తి కూడా అటువంటిదే. షేరు ధరను, ఒక్కో షేరుకు వచ్చిన ఏడాది లాభంతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. ధర 80 రూపాయలు, లాభం 10 రూపాయలు అయితే పీఈ 8.

అయితే కౌలు చేతికి అందిన డబ్బు. బ్యాంకు లాభంలో కొంత అంచనా కలిసి ఉంటుంది. సాధారణంగా ఇచ్చిన అప్పుపై అసలుగాని వడ్డీగాని 90 రోజులు దాటినా రాకపోతే దానిని మొండి బకాయిగా చూపాలి. రాబోయే నష్టానికి లాభంలో నుంచి కొంత సొమ్ము పక్కన పెట్టాలి. ఈ పనిని దాటవేస్తే లాభం పెద్దదిగా, పీఈ చిన్నదిగా కనిపిస్తుంది. పై ఉదాహరణలోనే షేరుకు 6 రూపాయలు పక్కన పెట్టవలసి ఉండి పెట్టలేదనుకోండి. అసలు లాభం 4 రూపాయలే. పీఈ 8 కాదు, 20.

1994లో హైదరాబాదు కేంద్రంగా ప్రారంభమైన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు దీనికి సాక్ష్యం. 2002 మార్చి నాటి ఆడిట్ లెక్కలు ఆ బ్యాంకుకు 40 కోట్ల రూపాయల లాభం, అప్పులు పోగా సుమారు 400 కోట్ల నికర విలువ ఉన్నాయని చెప్పాయి. రిజర్వు బ్యాంకు తనిఖీలో ఆ నికర విలువ సున్నా కన్నా దిగువకు పోయిందని తేలింది. 2004 జూలై 24న మారటోరియం విధించారు. ఖాతాదారులు 10,000 రూపాయలకు మించి తీసుకోలేకపోయారు. ఆగస్టు 14న ఆ బ్యాంకు ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో విలీనమైంది. డిపాజిట్లు దక్కాయి, వాటాదారులకు మాత్రం ఏమీ దక్కలేదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిన ఉదంతం మన పిల్లలకు కూడా తెలుసు. తడిసిన గింజలను కొనేవారికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ఆ వర్తకుణ్ణి నిలదీశారు. నేడు మిర్యాలగూడ మిల్లులోనూ తేమ చూడనిదే ధర చెప్పరు. బ్యాంకు లాభం విషయంలో మొండి బకాయిలే ఆ తేమ.

ఇక రెండవ ప్రశ్న. రాశి పొడిగానే ఉన్నా, అది ఎలా వచ్చిన ధాన్యమో అడగాలి కదా! సాధారణ బ్యాంకు ఆదాయంలో అధికభాగం వడ్డీయే. వడ్డీ నిషేధం దివ్యఖుర్ఆన్‌లో, బఖరా సూరాలో (2:275-279) స్పష్టంగా ఉంది. షేరు కొన్నవాడు ఆ వ్యాపారంలో భాగస్వామి అవుతాడు. అందుకే ఉలమా ఇటువంటి బ్యాంకుల షేర్లను అనుమతించరు. నిఫ్టీ 50 షరియా సూచీలోనూ వాటికి చోటు లేదు. పీఈ 8 అయినా 3 అయినా ఈ తీర్పు మారదు.

అలాగని ఈ లెక్క నేర్చుకోవద్దని మేము అనము. ధర్మసమ్మతమైన వ్యాపారం చేసే కంపెనీల విషయంలో అది పనికి వస్తుంది. 'హలాల్' అనే పేరు తగిలించుకొని, నెలనెలా లాభం ఇస్తామంటూ మన గడప తొక్కేవారి విషయంలో ఆ పరిశీలన మరింత అవసరం. ఆడపిల్ల పెళ్ళికో హజ్ యాత్రకో కూడబెట్టిన సొమ్మును ఎవరికైనా అప్పగించే ముందు రెండు మాటలు అడగండి: ఈ లాభం ఎక్కడిది? ఇది నిజమేనా? సరైన జవాబు దొరకనప్పుడు ఆ సొమ్మును మన దగ్గరే ఉంచుకోవడం మేలు. ఎలా సంపాదించామో, ఎలా ఖర్చు చేశామో అల్లాహ్ సన్నిధిలో లెక్క చెప్పవలసినవారం మనం.