చాప మారినది, చూపు మారలేదు

పూర్వము మన యిండ్లలో ఆడుపిల్లకు సంగీతము చెప్పించుట యెందులకు? పెండ్లిచూపులనాడు చాపమీద కూర్చుండి, వచ్చిన పెద్దలయెదుట ఒక కీర్తన పాడుటకు. పాడిన పిల్లకు కలిగిన యానంద మెట్టిదో యడిగినవారు లేరు. వరుని తల్లి తల యూపినదా లేదా యనునదియే యింటివారి యాతురత. పెండ్లియైన పిమ్మట వీణ అటక యెక్కెడిది. ఈ దురాచారమును సంస్కారవంతులైన గృహస్థు లనేకులు విడిచినారు. అందులకు మేము సంతసించుచున్నాము. కాని ఆ చాపయే సముద్రములు దాటి, విద్యుద్దీపముల నడుమ వేదికయై, మన పిల్లలకొరకు మరల పరవబడుచున్నదని మా యభియోగము.

పాపఘ్ని పెన్నలో కలియు చోటికి చేరువనున్న కమలాపురము మహానగరము కాదు. ఐనను ఇట్టి యూళ్ళవారి సంతానము నేడు అమెరికాలో కాపురముండుట వింత గాదు. అక్కడ పెరుగు పిల్లలును, ఇక్కడినుండి తలిదండ్రుల వెంట ప్రయాణమైపోవు పిల్లలును విదేశపు సభలలో పాడుచున్నారు. క్లీవ్‌లాండు నగరమున 1978లో ఆరంభమైన త్యాగరాజారాధనోత్సవములో పిల్లలకు పోటీలును జరుగును. పరదేశమున మన పాట వినబడుట గర్వకారణమే. దానిని మేము నిందింపము. మా ప్రశ్న వేదికమీది పిల్లను గూర్చినది కాదు, ముందువరుసలో కూర్చున్న తలిదండ్రులను గూర్చినది.

వారేమి చూచుచున్నారు? పదునైదేండ్ల కుమార్తె ఆలాపన నారంభించును. వెంటనే తండ్రిచేతి ఫోను పైకి లేచును; పాట ఆయన చెవికంటె ముందు యంత్రమునకు చేరును. పిల్ల సంగతి యొకటి తప్పును. తల్లి ముఖము చిన్నబోవును. పిల్ల దానిని చూచును. ఆ క్షణమునుండి ఆమె రాగముకొరకు పాడుట మాని, ఆ ముఖముకొరకు పాడును. నాడు వరుని తల్లి ముఖము, నేడు కన్నతల్లి ముఖము. చాప మారినది, చూపు మారలేదు. తంజావూరు రాజాస్థానపు సన్మానమును త్యాగరాజు నిరాకరించెనని సంప్రదాయము చెప్పుచున్నది. అట్టివాని పేర జరుగు ఉత్సవమునుండి, బహుమానము మొదటిదా రెండవదా యని వాదించుకొనుచు ఇల్లు చేరుట యెంతటి విపరీతము!

మన సంస్కృతిని నిలుపుటకే యీ ప్రయాసమందురు. మంచిది. తాళ్ళపాక అన్నమాచార్యుడు కడప సీమవాడే. దేవుని కడప స్వామిమీదను పదములు చెప్పినవాడు. ఆయన పదములు తిరుమలలో రాగిరేకులమీద శతాబ్దములు నిలిచినవి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు వానిలో అనేకమునకు స్వరములు కూర్చిరి. అట్టి పదమును కమలాపురపు వంశములో పుట్టిన పిల్ల ఆంగ్లలిపిలో వ్రాసికొని, అర్థమెరుగక పాడుచుండగా, తెలుగెరిగిన తండ్రి ఒక్కనాడైనను ప్రక్కన కూర్చుండి ఆ మాటలు విప్పి చెప్పడు. విమానమునకు ధనము కలదు, అర్థము చెప్పుటకు అరగంట లేదు! ఇది సంస్కృతిని నిలుపుట యగునా? విశ్వవిద్యాలయపు దరఖాస్తులో ఒక పంక్తిని నింపుట కావచ్చును.

పట్టి కూర్చుండబెట్టనిదే విద్య రాదని కొందరందురు. నిత్యసాధన వలయుననుట నిజము. కాని సాధన వేరు, ప్రదర్శన వేరు. పాలకొల్లులో 1969లో జన్మించిన మాండలిన్ శ్రీనివాసు చరిత్రమును చూడుడు. ఆ బాలుడు పసితనముననే తండ్రి సత్యనారాయణగారి మాండలిన్‌ను తానై చేతబట్టెను. ఆ మక్కువను కనిపెట్టిన పిమ్మటనే తండ్రి క్రొత్త వాద్యమును కొనియిచ్చి నేర్పసాగెను. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయింప రాదు. ఆయన పాడెడివారు, బాలుడు విని వాయించెడివాడు. 1978లో గుడివాడ, 1981లో మదరాసు, 1983లో పశ్చిమ బెర్లిను జాజ్ ఉత్సవము. బెర్లిను శ్రోతలను ముగ్ధులను చేయునాటికి ఆతనికి పదునాలుగేండ్లు. ఈ వరుసను గమనింపుడు: మొదట పిల్లవాని చేయి, పిదప తండ్రి చెవి, తరువాత గురువు గొంతు, విదేశపు వేదిక కట్టకడపట. మనవారు ఈ వరుసను తలక్రిందులు చేసి, విమానపు టిక్కెట్టుతో సంగీతము నారంభించుచున్నారు.

అందరు పిల్లలును శ్రీనివాసులగుదురా యని యడుగుదురేమో. కానక్కరలేదు. వినుటకు చెవిగల తండ్రి మాత్రము ప్రతి యింటను ఉండవచ్చును.

కావున మేము కోరునది స్వల్పము. పాడబోవు పాటను పిల్లయే యేరుకొనవలయును; దాని యర్థమును ఇంటివారు ముందుగా చెప్పవలయును. సభలో ఫోను సంచిలో నుండవలయును. సభ ముగియగనే ఎందరు చప్పట్లు కొట్టిరని గాక, ఏ చోట నీకు హాయి గలిగినదని యడుగవలయును. చాలునని పిల్ల యన్ననాడు ఆ మాటను తిరస్కారమని యెంచక వినవలయును. పెండ్లియైన పిదపను పాడుదునన్న కుమార్తెకు ఆ మాట నిలుపుకొను స్వాతంత్ర్యమును ఇప్పుడే యీయవలయును. ప్రయాణవ్యయములో కొంత మిగిల్చి, కమలాపురపు బడిపిల్లలకు ఒక సంగీతోపాధ్యాయుని నియమించినచో, టిక్కెట్టు కొనలేని యింటి పిల్లలకును ఈ విద్య దక్కును.

తలిదండ్రులు తమ్ము తాము పరీక్షించుకొనుటకు ఉపాయ మొకటి కలదు. సభ లేని సాయంకాలమున, చుట్టము లెవ్వరును రాని యింట, ఆ పిల్ల తనంతట తాను తంబురాను చేతికి తీసికొని శ్రుతి చేసికొనునా? చేసికొనినచో ఆ యింట సంగీతము కలదు. లేనిచో అక్కడ నున్నవి బహుమానములు మాత్రమే. వానిని తుడిచి అలమారలో పెట్టుకొనవచ్చును, వినుటకు వీలుపడదు.