ఫోనులో అమ్మాయి వంతెంత?

సాయంత్రమయ్యేసరికి బడి మన ఇంట్లోకి వచ్చేస్తోంది. హోంవర్కు వాట్సాప్ గ్రూపులో, లెక్కల పాఠం యూట్యూబులో, సైన్సు ప్రాజెక్టుకి కావలసిన బొమ్మ గూగుల్లో. ‘ఈ సెల్లు పిల్లల్ని పాడుచేస్తోంది’ అని తిట్టుకుంటూనే ‘గ్రూపులో టీచరేం పెట్టారో చూడు’ అంటున్నాం. పలకా బలపంలా ఫోనూ చదువు సామగ్రిలో చేరిపోయింది. కాదని లాభం లేదు. కానీ ఇంట్లో ఉన్న ఆ ఒక్క ఫోనూ ఎవరి చేతిలో ఉంటోంది? నన్నడిగితే అసలు ప్రశ్న అదే.

2020లో కరోనాతో బడులు మూతపడ్డప్పుడు తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానెళ్లలో పాఠాలు వేశారు. టీవీ ముందు ఇంట్లో పిల్లలంతా కలిసి కూర్చోవచ్చు. ఫోను అలా కాదు. ఎవరి చేతిలో ఉంటే పాఠం వాళ్లదే. నాన్న పనికి వెళితే ఫోనూ వెంట వెళుతుంది. తిరిగొచ్చాక అబ్బాయి వంతు. అమ్మాయి అంట్లు తోమి, తమ్ముడికి అన్నం పెట్టి వచ్చేసరికి డేటా అయిపోతుంది, చార్జింగూ అయిపోతుంది.

ఇది నా ఊహ కాదు. ప్రథమ్ సంస్థ పల్లెల్లో జరిపిన 2024 ‘అసర్’ సర్వే ప్రకారం 14-16 ఏళ్ల పిల్లల్లో నూటికి 82 మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చు. అలా వచ్చినవాళ్లలో సొంత ఫోనున్న అబ్బాయిలు నూటికి 36 మంది, అమ్మాయిలు 27 మందే. సర్వేకి ముందు వారంలో చదువు కోసం ఫోను పట్టినవాళ్లు 57 మందయితే, సోషల్ మీడియా కోసం పట్టినవాళ్లు 76 మంది. పల్లెల లెక్కలే కావచ్చు. మన ఇళ్లల్లో అలా లేదని గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పగలమా?

‘రోజులు బాగాలేవండీ, ఆడపిల్ల చేతికి ఫోనెలా ఇస్తాం?’ అంటారు చాలామంది తల్లులు. ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. ఫొటోలు మార్చి బెదిరించేవాళ్లున్నారు, ముక్కూ మొహం తెలియకుండా మాట కలిపేవాళ్లున్నారు. అయితే రోడ్డు మీద బస్సులు తిరుగుతున్నాయని పిల్లని బడి మాన్పించం కదా, రోడ్డు దాటడం నేర్పుతాం. ఇదీ అంతే. ఖాతాకి తాళం వెయ్యడం, తెలియనివాళ్లని బ్లాక్ చెయ్యడం, పాస్‌వర్డు ఎవరికీ చెప్పకపోవడం నేర్పండి. అన్నిటికంటే ముందు ఒక్క మాటివ్వండి: ‘ఏం జరిగినా నాతో చెప్పు, చెప్పినందుకు ఫోను లాక్కోను, చదువు మాన్పించను.’ ఆ భయంతోనే చాలామంది పిల్లలు నోరు విప్పరు. అవసరమైతే పిల్లల సాయానికి 1098, సైబర్ మోసాలకి 1930 నంబర్లున్నాయి.

బడివాళ్లకీ ఒక మనవి. హోంవర్కు పిల్లలు ఇల్లు చేరకముందే బోర్డు మీద రాయించండి. గ్రూపు అదనపు సాయంగా ఉండాలి తప్ప, ఫోను లేని పిల్లకి శిక్ష కాకూడదు. ఫోను టీచరుకి తోడే గాని టీచరు స్థానంలో కూర్చోకూడదని 2023లో యునెస్కో నివేదిక కూడా హెచ్చరించింది.

ఇక మనం చెయ్యగలిగింది. 2017లో మొదలైన ‘దీక్ష’ యాప్‌తో పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌ని చూపిస్తే ఆ పాఠం తెరుచుకుంటుంది. ముందే దించుకుంటే డేటా లేకపోయినా చూడొచ్చు. రోజూ ఒక గంట ఫోను అమ్మాయిదని ఇంట్లో అందరికీ చెప్పేయండి. ఆ గంట అంట్లపని అబ్బాయికి అప్పజెప్పండి, ఏం ఫరవాలేదు! మీరు పక్కనే కూర్చోండి. మీకు రానిది అమ్మాయినే అడగండి. అమ్మకి పాఠం చెప్పే పిల్ల ఆ పాఠాన్ని మరిచిపోదు. పైగా ఫోనులో ఏముందో చూడాలని మీరు దొంగచాటుగా వెతకాల్సిన పనీ ఉండదు.

ఆస్తిలో ఆడపిల్లకి సమాన వాటా కావాలని కొట్లాడి చట్టం తెచ్చుకున్నాం. ఫోనులో వాటాకి చట్టం అక్కర్లేదు. ఈ రాత్రి భోజనాలయ్యాక అమ్మ ఒక్క మాటంటే చాలు.