పలచబడ్డ వీధి, తాళం పడ్డ సభ

2014 ఫిబ్రవరి 28న బ్యాంకాక్‌లో ప్రభుత్వ వ్యతిరేక ఉద్యమ నేత సుతేప్ తౌగ్‌సుబాన్ ఒక మెట్టు దిగారు. జనవరి 13 నుంచి నగరంలోని ప్రధాన కూడళ్లను దిగ్బంధించిన శిబిరాలను ఎత్తేసి, అందరూ లుంపినీ పార్కుకు చేరాలని ప్రకటించారు. మార్చి మొదటి వారానికి అశోక్, పథుమ్‌వాన్, రాచప్రసోంగ్ కూడళ్లలో మళ్లీ కార్లు తిరిగాయి. ఈలలు ఊదిన గుంపుల జాడ లేదు. డిసెంబరులో లక్షల్లో కదిలిన జనం రోజుకు కొన్ని వేలకు దిగారు.

అప్పుడు థాయిలాండ్‌లో పెద్ద చర్చ జరిగింది. జనం మొహం చాటేశారు కాబట్టి ఉద్యమం ఓడినట్టేనని, యింగ్లక్ షినవత్ర ఆపద్ధర్మ ప్రభుత్వం గండం గట్టెక్కిందని ఒక వర్గం వాదించింది. సభే లేని ప్రభుత్వానికి అధికారం ఎక్కడిదని, ఇది తుది పోరుకు ముందు ఊపిరి తీసుకోవడమేనని మరో వర్గం బదులిచ్చింది. ఇద్దరూ చేసింది తలల లెక్కే. మూడు నెలలు తిరక్కుండానే, మే 22న సైన్యం అధికారాన్ని చేజిక్కించుకుంది. వీధిలో జనం తగ్గితే కుర్చీలో ఉన్నవారు బలపడతారన్న నమ్మకం ఎంత తప్పో ఆ 83 రోజులు చెబుతాయి.

ఎందుకు వచ్చారు, ఎందుకు తగ్గారు

ఉద్యమానికి నిప్పు పెట్టింది ప్రభుత్వమే. 2011 జులై ఎన్నికల్లో 500 స్థానాలకు 265 గెలిచి యింగ్లక్ దేశ తొలి మహిళా ప్రధాని అయ్యారు. రెండేళ్ల పాటు సైన్యంతోనూ రాజప్రాసాద వర్గాలతోనూ తగవు లేకుండా నెట్టుకొచ్చారు. ఆ తరువాత వచ్చింది క్షమాభిక్ష బిల్లు. మొదట మామూలు నిరసనకారుల కోసమని తెచ్చిన ఆ బిల్లు పరిధి కమిటీ దశలో అమాంతం పెరిగింది. 2006లో సైన్యం కూలదోసిన మాజీ ప్రధాని, ఆమె అన్న తక్సిన్ శిక్ష కూడా అందులో చెరిగిపోయేలా మారింది. 2013 నవంబరు 1 తెల్లవారుజామున, దేశం నిద్రలో ఉన్న వేళ, దిగువ సభ దాన్ని ఆమోదించింది. 2010లో ఎర్రచొక్కాల మీద కాల్పులకు బాధ్యులైనవారూ దాంతో బయటపడతారు కనుక ప్రభుత్వ మద్దతుదారులైన ఎర్రచొక్కాలలోనూ చాలామంది మండిపడ్డారు. పది రోజులకు ఎగువ సభ బిల్లును తిప్పికొట్టింది. అప్పటికే జనం వీధుల్లోకి వచ్చారు.

ప్రతిపక్ష డెమొక్రాట్ పార్టీ ఎంపీ పదవికి రాజీనామా చేసి వచ్చిన సుతేప్ ఆ కోపాన్ని మరో గురివైపు మళ్లించారు. బిల్లు పోయింది, ఇప్పుడు తక్సిన్ వంశ ప్రభావమే పోవాలన్నారు. డిసెంబరు 8న డెమొక్రాట్ ఎంపీలంతా రాజీనామా చేశారు. మర్నాడు యింగ్లక్ సభను రద్దుచేసి ఎన్నికలకు సిద్ధమన్నారు. ప్రజాస్వామ్యంలో అంతకంటే పెద్ద రాయితీ ఉండదు. సుతేప్‌కు అది చాలలేదు. ‘ఎన్నికలకు ముందు సంస్కరణలు’ అన్నది ఆయన నినాదం. ఎన్నిక కాని ప్రజా మండలి ఒకటి దేశాన్ని చక్కదిద్దాలని, ఓట్లు ఆ తరువాతేనని పట్టుబట్టారు. 2001 నుంచి జరిగిన ప్రతి సార్వత్రిక ఎన్నికలోనూ ఉత్తర, ఈశాన్య థాయిలాండ్ ఓటర్లు తక్సిన్ పక్షాన్నే గెలిపించారు. మళ్లీ ఓట్లకు వెళితే ఫలితం ఏమిటో ఇరుపక్షాలకూ తెలుసు.

మరి జనం ఎందుకు తగ్గారు? నాలుగు నెలలు రోడ్డు మీద ఉండటం ఎవరి వల్లా కాదు. రాత్రివేళ శిబిరాల మీద గ్రెనేడ్లు పడ్డాయి. ఫిబ్రవరి 18న ఫాన్ ఫా వంతెన దగ్గర పోలీసులకూ నిరసనకారులకూ మధ్య ఘర్షణలో ప్రాణాలు పోయాయి. ఆ నెల 23న రాచప్రసోంగ్ దగ్గర పేలుడు పసిపిల్లల్ని బలిగొంది. నవంబరు నుంచి మే దాకా మృతులు 28 మంది, గాయపడినవారు 800కు పైగా. దుకాణాలు మూతపడ్డ నగరంలో మధ్యతరగతి సానుభూతి కూడా ఓ హద్దు దాకానే. ఇవన్నీ నిజమే. అయితే శిబిరాలు ఎత్తేసే నాటికి వీధి చేయాల్సిన పని చాలావరకు అయిపోయింది.

28 స్థానాల లెక్క

2007 రాజ్యాంగం ప్రకారం కొత్త దిగువ సభ కొలువుదీరాలంటే సభ్యుల్లో కనీసం 95 శాతం మంది ఎన్నికై ఉండాలి. అంటే 500కు 475. డిసెంబరు చివరలో నామినేషన్ల కేంద్రాలను నిరసనకారులు ముట్టడించడంతో దక్షిణాదిలోని 28 నియోజకవర్గాల్లో ఒక్క అభ్యర్థి కూడా నమోదు కాలేదు. 500లో 28 తీసేస్తే మిగిలేది 472. అంటే పోలింగు రోజైన ఫిబ్రవరి 2న మిగతా దేశమంతా బారులు తీరి ఓటు వేసినా సభ తెరుచుకోదు. ఆనాడు అనేక చోట్ల పోలింగు కేంద్రాలనే తెరవనివ్వలేదు. 2011లో 75 శాతమున్న పోలింగు ఈసారి సగానికి దిగువనే ఆగింది.

ఆ తరువాతి మెట్టు న్యాయస్థానం. పోలింగు దేశమంతటా ఒకే రోజు జరగాలన్న నిబంధన చూపి మార్చి 21న రాజ్యాంగ న్యాయస్థానం 6–3 తేడాతో ఎన్నికనే కొట్టేసింది. అడ్డుకున్నది నిరసనకారులు, చెల్లకుండా పోయింది ఓటరు వేసిన ఓటు. 2006లోనూ ఇదే దారి నడిచింది: డెమొక్రాట్ల బహిష్కరణ, ఏప్రిల్ ఎన్నిక రద్దు, ఆపద్ధర్మ ప్రధానిగా తక్సిన్ కొనసాగింపు, సెప్టెంబరు 19న సైనిక కుట్ర. ఆ అనుభవం కళ్లముందే ఉండగా, లుంపినీ పార్కులో గుడారాలు లెక్కపెట్టి ఉద్యమం చల్లారిందని నమ్మడం విచిత్రం. ఎనిమిది రాష్ట్రాల్లోని 28 స్థానాలకు వేసిన తాళం అలాగే ఉండటానికి లక్షల మంది అక్కర్లేదు, కొన్ని వేల మంది చాలు.

కుర్చీ ఉంది, కలం లేదు

ఇక ఆపద్ధర్మ ప్రభుత్వం సంగతి. మనకు ఈ మాట కొత్త కాదు. 2018 సెప్టెంబరు 6న తెలంగాణ శాసనసభను రద్దుచేసి కె.చంద్రశేఖరరావు డిసెంబరు ఎన్నికల దాకా ఆపద్ధర్మ ముఖ్యమంత్రిగా ఉన్నారు. సభ రద్దయిన నాటి నుంచే నియమావళి వర్తిస్తుందని, కొత్త పథకాలు ప్రకటించరాదని ఎన్నికల సంఘం అప్పుడు తేల్చిచెప్పింది. మన దగ్గర ఆ మూడు నెలలు సాఫీగా గడిచిపోయాయంటే కారణం ఒక్కటే: పోలింగు జరుగుతుందా అన్న సందేహం ఎవరికీ లేదు. గడువు తెలిసినంత కాలమే ఆపద్ధర్మం ధర్మంగా ఉంటుంది. గడువు తెలియకపోతే అది పక్షవాతమే.

అప్పటి థాయి రాజ్యాంగంలోని 181వ అధికరణం ఆపద్ధర్మ మంత్రివర్గం చేతులు కట్టేసింది. ఎన్నికల సంఘం అనుమతి లేకుండా అధికారుల నియామకాలు, బదిలీలు చేయరాదు. ఆ అనుమతి లేకుండా అత్యవసర నిధినీ ముట్టరాదు. తరువాతి ప్రభుత్వం మీద భారం పడే పనులేవీ తలపెట్టరాదు. రెండు మూడు నెలలకైతే ఇవి మంచి కట్టుబాట్లే. అయిదు నెలలు సాగేసరికి ఉరితాడయ్యాయి.

ఆ సంగతి ముందుగా తగిలింది వరి రైతుకు. టన్ను ధాన్యానికి 15,000 బాత్ ఇచ్చి సర్కారే కొని, నిల్వచేసి, ప్రపంచ మార్కెట్లో ధర పెరిగాక అమ్ముకోవాలన్నది యింగ్లక్ పథకం. ఆ లెక్క తప్పడంలో మనకూ పాత్ర ఉంది. 2011 సెప్టెంబరులో భారత్ బాస్మతీయేతర బియ్యం ఎగుమతుల మీద నిషేధం ఎత్తేసింది. కాకినాడ లాంటి రేవుల నుంచి ఓడలు కదిలాయి. ధర పెరగలేదు. మూడు దశాబ్దాలుగా బియ్యం ఎగుమతుల్లో మొదటి స్థానంలో ఉన్న థాయిలాండ్ 2012లో ఆ స్థానాన్ని భారత్‌కు వదులుకుంది. గోదాముల్లో బియ్యం పేరుకుపోయింది, ఖజానాలో డబ్బు లేదు.

2014 మొదట్లో పది లక్షలకు పైగా రైతులకు ప్రభుత్వం పడ్డ బాకీ దాదాపు 13,000 కోట్ల బాత్. అప్పు తెద్దామంటే ఆపద్ధర్మ ప్రభుత్వానికి ఆ హక్కు ఉందా అని బ్యాంకులు వెనక్కి తగ్గాయి. ప్రభుత్వ పొదుపు బ్యాంకు వ్యవసాయ బ్యాంకుకు సొమ్ము సర్దిందని తెలియగానే, ఆ డబ్బు ధాన్యం పథకానికి పోతుందన్న అనుమానంతో ఖాతాదారులు ఒక్క రోజులో 3,000 కోట్ల బాత్ వెనక్కి తీసేసుకున్నారు. ఓటేసి గెలిపించిన రైతే ట్రాక్టర్ ఎక్కి బ్యాంకాక్ దారి పట్టాడు. మార్చిలో ఎన్నికల సంఘం 2,000 కోట్ల బాత్ వాడుకోవడానికి ఒప్పుకుంది, అదీ మే నెలాఖరుకు తిరిగి కట్టాలన్న షరతుతో. పథకంలో నష్టం, అవినీతి ఆరోపణలు నిజంగానే ఉన్నాయి. అయినా చెల్లింపులు ఆగింది పథకం తప్పువల్లే కాదు, చెక్కు మీద సంతకం చేసే అధికారం లేకపోవడం వల్ల కూడా. కుట్ర జరిగిన కొద్ది రోజులకే సైన్యం అదే బాకీ తీర్చడం మొదలుపెట్టి రైతుల మెప్పు కొట్టేసింది.

పిట్టపోరు పిల్లి తీర్చింది

ఒకవైపు నగరాన్ని ఆపగలిగినా ప్రభుత్వాన్ని దించలేని వీధి, మరోవైపు దిగనన్నా పాలించలేని ప్రభుత్వం. ఇద్దరూ అలసిపోతే మిగిలేది ఎన్నిక కానివాళ్లే. 2011లో జాతీయ భద్రతా మండలి అధిపతి థావిల్ ప్లియెన్‌శ్రీని బదిలీ చేయడం అధికార దుర్వినియోగమని మే 7న రాజ్యాంగ న్యాయస్థానం యింగ్లక్‌నూ తొమ్మిది మంది మంత్రులనూ తప్పించింది. మర్నాడే అవినీతి నిరోధక సంఘం వరి పథకంలో ఆమెను తప్పుపట్టింది. జులై 20న మళ్లీ ఎన్నికలు పెడదామని ప్రభుత్వం, ఎన్నికల సంఘం అనుకున్న ఒప్పందం గాలికి పోయింది. మే 20న సైనిక శాసనం. రెండు రోజులకు ఇరుపక్షాలనూ ఒక గదిలో కూర్చోబెట్టిన సైన్యాధిపతి ప్రయుత్ చాన్-ఓచా, ప్రభుత్వం రాజీనామా చేస్తుందా అని అడిగారు. చేయదని న్యాయశాఖ మంత్రి చెప్పగానే అధికారం తనదేనన్నారు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటే ఇదే.

తటస్థ ప్రభుత్వం కావాలని అడగడమే తప్పా? కాదు. బంగ్లాదేశ్ 1996లో పార్టీరహిత ఆపద్ధర్మ ప్రభుత్వ పద్ధతిని రాజ్యాంగంలోనే రాసుకుంది. 90 రోజుల్లో ఎన్నికలు పెట్టి తప్పుకోవడమే దాని పని. ఎవరు వస్తారో, ఎంతకాలం ఉంటారో అందరికీ ముందే తెలుసు. అలా రాసుకున్నది కూడా 2007లో సైన్యం దన్నుతో దాదాపు రెండేళ్లు సాగింది, 2011లో ఆ పద్ధతే రద్దయింది. ముందే రాసుకున్న గడువే అలా సాగినప్పుడు గడువే లేని సుతేప్ ప్రజా మండలికి హద్దెక్కడ? నియామక ప్రధానిని అడగడం ప్రజాస్వామ్యం కాదని రాజు భూమిబల్ 2006 ఏప్రిల్‌లోనే న్యాయమూర్తులతో చెప్పారు. ఆ కోరికనే 2014లో మళ్లీ వీధిలో వినిపించారు.

నిరసన హక్కు పవిత్రమైనదే. ఒక ప్రభుత్వం తెల్లవారుజామున చట్టం చేస్తే దాన్ని ఆపడానికి జనం రోడ్డెక్కాల్సిందే, బ్యాంకాక్ జనం ఆపారు కూడా. అక్కడితో ఆగి పోలింగు కేంద్రానికి నడిచి ఉంటే అది గెలుపుగా మిగిలేది. ఎదుటివాడి ఓటును అడ్డుకున్న క్షణానే వాళ్లు తమ ఓటునూ పోగొట్టుకున్నారు. జనం పలచబడ్డారా లేదా అన్న చర్చలో ఆ ముచ్చటే ఎవరికీ పట్టలేదు.

సంస్కరణల పేరుతో వచ్చిన సైనిక పాలకులు దాదాపు అయిదేళ్లు ఎన్నికల్లేకుండా ఏలారు. తరువాత 250 మంది నియమిత సెనేటర్ల దన్నుతో ప్రయుత్ మళ్లీ ప్రధాని అయ్యారు. 2014 నాటి ఆందోళనలకు గాను 2021లో సుతేప్‌కు న్యాయస్థానం అయిదేళ్ల జైలుశిక్ష వేసింది. ఇక నామినేషన్లే పడనివ్వని ఆ దక్షిణాది నియోజకవర్గాల ఓటర్లు, 2011 జులై తరువాత తమ ఎంపీని మళ్లీ ఎన్నుకోగలిగింది 2019 మార్చి 24న.