ముసలితనం మీద కమీషన్

స్త్రీలకు ఆస్తిహక్కు కావాలని, సమాన వేతనం కావాలని ఊరూరా తిరిగి చెబుతాం. ఆ మాటలు చెప్పే కార్యకర్త అరవై దాటాక ఏం తిని బతుకుతుందన్న ప్రశ్న మాత్రం మన సమావేశాల ఎజెండాలోకి రాదు. నేను 22 ఏళ్ళుగా స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్నాను. ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళే జీతం. దాన్ని జీతమని కూడా అనరు, ‘గౌరవ వేతనం’ అంటారు. 20 మంది లోపు ఉన్న సంస్థకు ప్రావిడెంట్ ఫండ్ తప్పనిసరి కాదు. అందుకని 18 మంది దగ్గర ఆపేసి, మిగతావాళ్ళను ‘వాలంటీర్లు’గా రాసుకునే సంస్థలు నాకు తెలుసు. కనీస వేతనాల మీద కరపత్రాలు వేసేదీ అవే.

ప్రభుత్వాన్ని నమ్ముకుందామా? వృద్ధాప్య పింఛనులో, 80 ఏళ్ళ లోపు వాళ్ళకు కేంద్రం వాటా 2007 నుంచీ నెలకు 200 రూపాయలే. పైన కలిపేది రాష్ట్రాలు, అదీ ఎన్నికల గాలిని బట్టి. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో డ్వాక్రా మహిళలకు అభయహస్తం వచ్చింది. రోజుకో రూపాయి ఆమెది, ఇంకో రూపాయి ప్రభుత్వానిది, అరవై దాటాక నెలకు కనీసం 500. దానికి చట్టం కూడా చేశారు. రాష్ట్రం రెండయ్యాక రెండుచోట్లా అది నిలవలేదు. కట్టిన డబ్బు వెనక్కిస్తామని 2022లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. పింఛను కోసం ఎదురుచూసిన మనిషి చేతిలో ఆమె రూపాయే ఆమెకు పెట్టడమన్నమాట! అందరికీ పింఛను కావాలన్న పోరాటం ఆపమని నేననడం లేదు. అది గెలిచేలోపు మన వయసు ఆగదని అంటున్నాను.

ఈ ఖాళీలోకే ఏజెంటు వస్తాడు. మా సంస్థలో ఒక క్షేత్ర కార్యకర్త, భర్త వదిలేసిన మనిషి, 2008లో ‘పెన్షన్ ప్లాన్’ తీసుకుంది. ఏడాదికి 12 వేలు. అమ్మినవాడు మరిది వరస. “వదినా, నువ్వు సంతకం పెట్టు, మిగతాది నేను చూసుకుంటా” అన్నాడట. పొలం కాగితాల దగ్గరా, ఇంటి కాగితాల దగ్గరా మనం వింటూ వచ్చిన మాటే ఇది. ఆమె పాలసీ కాగితాలు నేను చదివాను. మొదటి ఏడాది కట్టినదాంట్లో మూడో వంతు ‘కేటాయింపు ఛార్జీ’ కింద పోయింది. తర్వాత ప్రాజెక్టు ఆగి కట్టలేకపోతే, చేతికొచ్చింది కట్టినదానికన్నా తక్కువ. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. మొదటి ఏడాది ప్రీమియంలో 35 శాతం దాకా కమీషన్ ఇచ్చే వీలున్న రోజులవి. 2010 సెప్టెంబరులో యూనిట్ లింక్డ్ పాలసీల ఛార్జీలకు పరిమితి పెట్టారు. ఆమెకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఏడాదికి రెండు శాతం ఖర్చే కదా అనేవాళ్ళు ఈ లెక్క చూడండి. నెలకు 1,000 రూపాయల చొప్పున 30 ఏళ్ళు దాచింది ఒకామె. మొత్తం 3 లక్షల 60 వేలు. ఖర్చులు పోకముందు ఏడాదికి 9 శాతం పెరిగిందనుకుందాం (ఇది లెక్క కోసమే, ఎవరూ హామీ ఇవ్వలేరు). ఖర్చు 0.2 శాతమైతే చివరికి సుమారు 17 లక్షల 56 వేలు. ఖర్చు 2 శాతమైతే 12 లక్షల 20 వేలు. తేడా 5 లక్షల 36 వేలు. ఆమె 30 ఏళ్ళు కడుపు కట్టుకుని దాచిన అసలుకన్నా, మధ్యవాళ్ళు అదనంగా తిన్నదే ఎక్కువ.

మరి తక్కువ ఖర్చుతో ఎలా? సూచీ ఫండు అనేది ఒకటుంది. నిఫ్టీ 50 అంటే యాభై పెద్ద కంపెనీల జాబితా. సూచీ ఫండు ఆ యాభైనీ అదే దామాషాలో కొని ఊరుకుంటుంది. ఏది పెరుగుతుందో కనిపెడతానని బడాయి పోదు, ఆ బడాయికి మన దగ్గర డబ్బు గుంజదు. మార్కెట్లో అందరి లాభమూ కలిపితే మార్కెట్ లాభమే. ఒకరు అంతకన్నా ఎక్కువ తెచ్చుకుంటే ఇంకొకరికి ఆ మేరకు తగ్గుతుంది. కాబట్టి ఎంచి కొనేవాళ్ళ సగటు, వాళ్ళ రుసుములు తీసేశాక, సూచీకన్నా కిందే ఉంటుంది. విలియం షార్ప్ అనే అమెరికా ఆర్థికవేత్త 1991లో చెప్పిన లెక్క ఇది. కూడికలూ తీసివేతలూ వస్తే చాలు.

షేర్ మార్కెట్లో మన డబ్బా అని మిత్రులు కోప్పడతారు. మనం ఎవరి గేటు ముందు ధర్నా చేశామో ఆ కంపెనీ ఆ యాభైలో ఉండొచ్చు. ఈ ఇబ్బంది నాకూ ఉంది. కానీ కార్మికుల పీఎఫ్ సొమ్ములో కొంత 2015 ఆగస్టు నుంచి సూచీ ఫండ్లకే వెళుతోంది. ఏజెంటుకిచ్చిన ప్రీమియమూ పోయేది ఆ బజారుకే, కాకపోతే కమీషన్ తీసుకుని పోతుంది. ప్రమాదం లేదని మాత్రం చెప్పను. 2008 ఒక్క ఏడాదిలో సెన్సెక్స్ సగానికి పైగా పడిపోయింది. యాభై దాటినవాళ్ళు ఎక్కువ భాగం ప్రభుత్వ బాండ్లలోనే ఉంచుకోవాలి.

జాతీయ పింఛను పద్ధతి, ఎన్‌పీఎస్, 2009 మే 1 నుంచి అందరికీ తెరిచారు. దీని పేరు చెబితే టీచరు అక్కలకు ఒళ్ళు మండుతుంది, న్యాయమే. 2004లో సీపీఎస్ పేరుతో వాళ్ళకు వచ్చే పింఛను హక్కు తీసేసి దీన్ని అంటగట్టారు. మనకు తీసేయడానికి ఏ హక్కూ లేదు కదా! మొదట్లో ఇందులో షేర్ల భాగాన్ని సూచీలోనే పెట్టాలనే నిబంధన ఉండేది, తర్వాత సడలించారు. అయినా 2021లో నిర్ణయించిన రేట్ల ప్రకారం నిర్వాహకులు అప్పట్లో తీసుకోగలిగింది ఏడాదికి గరిష్ఠంగా 0.09 శాతం, లక్షకు 90 రూపాయలు. ఖాతా ఖర్చులూ, బ్యాంకు ద్వారా కడితే వాళ్ళ రుసుమూ వేరే. 2025 అక్టోబరులో అదే బోర్డు కింద కొత్తరకం పథకాలు తెచ్చి 0.30 శాతం దాకా తీసుకోనిచ్చారు. పేరు చూసి సంతకం పెట్టకండి, శాతం చూడండి.

ఏళ్ళ తరబడి ఈ డబ్బు తేలిగ్గా బయటికి రాదు. దీన్ని లోపమంటారు మగవాళ్ళు. ఆడపడుచు పెళ్ళికీ, కొడుకు ఆటోకీ, భర్త అప్పుకీ మొదట కరిగేది ఎవరి పొదుపో మనకు తెలుసు. నాకైతే ఆ తాళమే నచ్చింది. అరవై తర్వాత కొంత భాగంతో బీమా కంపెనీ దగ్గర యాన్యుటీ కొనాల్సి రావడం మాత్రం నచ్చలేదు. ధరలు పెరిగినా మామూలు యాన్యుటీ పెరగదు.

ఇదంతా ఆమె ఒక్కతే తన వెయ్యిలోంచి కట్టుకోవాలా? పీఎఫ్ చట్టం యజమాని చేత 12 శాతం కట్టిస్తుంది. 20 మంది లేని సంస్థ కూడా తనంత తానుగా చేరవచ్చు. మొన్నటి సమావేశంలో నేను ఈ మాట పెడితే, “ఫండర్లు ఒప్పుకోరమ్మా” అన్నారు మా పెద్దలు. జీపు డీజిలుకు ఒప్పుకున్నారు, హోటల్లో వర్క్‌షాపుకు ఒప్పుకున్నారు. పింఛను వాటా అని బడ్జెట్‌లో ఒక వరుస రాసి, ఏ ఫండరునైనా అడిగారా అంటే జవాబు లేదు. వచ్చే ఏడాది బడ్జెట్ తయారవుతోంది. ఆ వరుస నేనే రాసి ఇచ్చాను. కొట్టేసేవాళ్ళు ఎందుకు కొట్టేస్తున్నారో పక్కన రాసి సంతకం పెట్టమన్నాను.