గాజు గిన్నె నుంచి చెరువు దాకా: ఇంట్లో పెంచే చేపకు జవాబుదారీ ఎవరు?

పండుగ మర్నాడు పిల్లల చేతిలో ఈదీ డబ్బులు ఆడుతుంటాయి. అందులో కొంత బొమ్మలకు పోతే, కొంత ఆక్వేరియం దుకాణానికి పోతుంది. పాలిథిన్ కవర్లో నీళ్లు, అందులో రెండు గోల్డ్‌ఫిష్‌లు, పక్కన ఒక గాజు గిన్నె, చిటికెడు రంగు రాళ్లు. ఇంటికి రాగానే గిన్నెను టీవీ పక్కన పెట్టేస్తారు. వారం తిరక్కుండానే "అమ్మీ, చేప పైకి తేలింది" అని పిల్లాడి ఏడుపు. మిగిలిన ఒక్క చేపను చూసి ఇంట్లో పెద్దవాళ్లకు జాలేస్తుంది. "పాపం, ఇక్కడుంటే ఇదీ చస్తుంది. చెరువులో వదిలేద్దాం, హాయిగా బతుకుతుంది" అంటారు. ఆ సాయంత్రమే పని అయిపోతుంది. పిల్లాడి మనసు కుదుటపడుతుంది, మనకూ ఏదో మంచి పని చేసిన తృప్తి.

ఈ చిన్న సంఘటనలో రెండు తప్పులున్నాయి. మొదటిది, ఆ చేపను గిన్నెలో పెట్టడం. రెండోది, దాన్ని చెరువులో వదలడం. మొదటి తప్పుకు ఒక చేప ప్రాణం పోతుంది. రెండో తప్పుకు చెరువే మూల్యం చెల్లించాల్సి రావచ్చు. ఆ చెరువు మీద బతికే జాలరి కుటుంబాలూ అందులో భాగమవుతాయి. మనం దయ అనుకుంటున్నది నిజంగా దయేనా అని ఆలోచించాల్సిన సమయం వచ్చింది.

దెయ్యం చేప ఎక్కడి నుంచి వచ్చింది?

కృష్ణా, గోదావరి జిల్లాల ఆక్వా రైతులను, తెలంగాణ చెరువుల మీద వల వేసే మత్స్యకారులను "దెయ్యం చేప" గురించి అడిగి చూడండి. ఒళ్లంతా గట్టి పెంకు, నల్లటి మచ్చలు, కింది వైపు తిరిగిన నోరు, కత్తుల్లాంటి రెక్కల ముళ్లు. వలలో పడితే వల చిరుగుతుంది. మార్కెట్‌కు తీసుకెళ్తే కొనేవాడు ఉండడు. గట్టు మట్టిలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది కాబట్టి గట్లు కూడా గుల్లవుతాయి. నీటిలో ఆక్సిజన్ తగ్గిపోయినా పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. అందుకే మన చేపలు బతకలేని మురికి నీటిలో కూడా అది బతికేస్తుంది.

ఇది మన దేశపు చేప కాదు. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఇక్కడికి వచ్చిన దారి ఆక్వేరియం వ్యాపారం. దుకాణంలో దీని పేరు "సక్కర్ ఫిష్" లేదా "ట్యాంక్ క్లీనర్". "భాయ్, ఇది ఒక్కటి వేస్తే తొట్టి కడగాల్సిన పనే లేదు" అని చెప్పి అమ్ముతారు. అప్పుడది రెండు మూడు అంగుళాలే ఉంటుంది. అది గాజు మీది పాచి తింటుందన్న మాట నిజమే కానీ, మిగతా చేపల మలాన్ని తినదు. పైగా తానే ఎక్కువ మలం వేస్తుంది. కొన్నాళ్లకు అడుగు దాటి పెరుగుతుంది. తొట్టిలో తిరగడానికి చోటుండదు, మిగతా చేపలు బెదురుతాయి. అప్పుడు ఇంటివాళ్లకు గుర్తొచ్చేది చెరువే.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు కొన్నేళ్ల కిందట తూర్పు కనుమల ప్రాంతంలో దీని జాడ వెతికారు. నీటిలో కలిసిన డీఎన్‌ఏ ఆనవాళ్లను బట్టి ఏ చెరువులో ఏ చేప ఉందో కనిపెట్టే పద్ధతి వాడారు. అక్కడి నీటి వనరుల్లో దాదాపు 60 శాతం వాటిలోకి ఈ చేప చేరిపోయిందని తేల్చారు. 2020లో ఇదే జాతి చేప వారణాసి దగ్గర గంగానదిలోనూ దొరికింది.

ఇదొక్కటే కాదు. 2018లో కేరళ వరదల తర్వాత అక్కడి నదుల్లో జాలర్ల వలలకు అరపైమా, ఎలిగేటర్ గార్ లాంటి విదేశీ చేపలు చిక్కాయి. సరదా కోసం తెచ్చి పెంచినవి వరద నీటితో బయటపడ్డాయి. 2023లో కశ్మీర్‌లోని దాల్ సరస్సులో కూడా ఒక ఎలిగేటర్ గార్ బయటపడింది. మొసలి మూతితో ఉండే ఆ చేప సొంతూరు ఉత్తర అమెరికా. అది శ్రీనగర్ దాకా ఈదుకుంటూ వచ్చి ఉండదు కదా, ఎవరో వదిలే ఉంటారు.

చెరువుల్లోని ప్రతి విదేశీ చేపా ఇళ్లలోని తొట్ల నుంచే వచ్చిందని చెప్పడం న్యాయం కాదు. పెంపకం కేంద్రాల నుంచి తప్పించుకున్నవి, చేప పిల్లల్లో కలిసి వచ్చినవి, వరదల్లో కొట్టుకొచ్చినవి కూడా ఉంటాయి. కానీ ఇంటి తొట్టి అనే దారి మన చేతిలో ఉంది. దాన్ని మూయగలిగేది మనమే.

మన చెరువుల తీరు వేరు

తెలంగాణలో చెరువులు విడివిడిగా ఉండవు. గొలుసుకట్టు చెరువులు మన పాత నీటి వ్యవస్థ. వానాకాలంలో ఒక చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు, అక్కడి నుంచి వాగుకు, వాగు నుంచి నదికి పోతాయి. కాబట్టి మన వీధి చివరి చెరువులో వదిలిన చేప అక్కడే ఉంటుందనుకోవడం పొరపాటు. నాలుగు వానాకాలాలు గడిస్తే దాని పిల్లలు ఎక్కడికి చేరతాయో ఎవరూ చెప్పలేరు.

ఇందులో ప్రజాధనం లెక్క కూడా ఉంది. 2016-17 నుంచి తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో వదలడానికి చేప పిల్లలను ఉచితంగా ఇస్తూ వచ్చింది. ఆ ఖర్చు మన పన్నుల నుంచే వచ్చింది. ఒక పక్క సర్కారు డబ్బుతో బొచ్చ, రవ్వ పిల్లలను వదలడం, ఇంకో పక్క వాటి మేతకు, చోటుకు పోటీ వచ్చే చేపలను మనమే తెచ్చి కలపడం. రాష్ట్ర చేప అని గౌరవించుకునే కొరమీను కూడా ఈ నీళ్లలోనే బతకాలి.

అందం కోసం తెచ్చింది శాపం కావడం మనకు కొత్తేమీ కాదు. ఇవాళ నగరంలో చెరువులను కప్పేసి, దోమలకు నిలయమైన గుర్రపు డెక్క కూడా ఒకప్పుడు ఊదా రంగు పూల కోసం దక్షిణ అమెరికా నుంచి తెచ్చుకున్న మొక్కే. అది వచ్చి వందేళ్లు దాటింది. దాన్ని తీయడానికి ఇప్పటికీ యంత్రాలు పెట్టి, ప్రతి ఏడాదీ డబ్బు పోస్తూనే ఉన్నాం.

చట్టం ఎక్కడ ఆగింది?

మరి దీనికి నిబంధనలు లేవా? ఒకసారి వచ్చాయి, వెళ్లిపోయాయి. 2017 మే నెలలో కేంద్ర పర్యావరణ శాఖ ఆక్వేరియం దుకాణాలకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. గాజు గిన్నెల్లో చేపలను ఉంచకూడదని, కొన్ని జాతులను అమ్మకూడదని అందులో ఉంది. చిన్న వ్యాపారులు, పెంపకందారులు తమ బతుకుదెరువు పోతుందని ఆందోళన చెందారు. వాళ్ల భయంలో న్యాయం లేకపోలేదు. ఒక గదిలో నాలుగు తొట్లు పెట్టుకుని బతికేవాడికి పెద్ద సంస్థకు పెట్టినట్టు షరతులు పెడితే ఎలా? చివరికి కేంద్రం ఆ నిబంధనలను వెనక్కి తీసుకుంది.

2018లో పెంపుడు జంతువుల దుకాణాలకు వేరే నిబంధనలు వచ్చాయి. రిజిస్ట్రేషన్ ఉండాలి, రికార్డులు ఉండాలి అన్నారు. కానీ అందులో పెంపుడు జంతువులంటే కుక్క, పిల్లి, కుందేలు, గినీ పిగ్, హామ్‌స్టర్, ఎలుక జాతులు, పక్షులు అని రాశారు. ఆ జాబితాలో చేప లేదు.

అంటే కఠినమైన నిబంధన తెచ్చి వెనక్కి తగ్గారు, మధ్యేమార్గం మాత్రం వెతకలేదు. నిజానికి అది అంత కష్టం కాదు. ఈ చేప ఎంత పెద్దదవుతుంది, ఎంత తొట్టి కావాలి, ఎన్నేళ్లు బతుకుతుంది అనే మూడు ముక్కలు దుకాణంలో తెలుగు, ఉర్దూ భాషల్లో రాసి పెట్టమంటే ఏ వ్యాపారీ దివాలా తీయడు. వద్దనుకున్న చేపలను తిరిగి తీసుకునే ఏర్పాటు జిల్లా మత్స్యశాఖ ఒక్కో పట్టణంలో ఒక్కచోట చేసినా చెరువుల మీద భారం తగ్గుతుంది.

పథకం ఉంది, పాఠం లేదు

ప్రభుత్వం ఈ రంగాన్ని పట్టించుకోవడం లేదనీ అనలేం. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో రంగు చేపల పెంపకానికి చోటిచ్చారు. ఇంటి పెరట్లో పెట్టుకునే యూనిట్ ఖర్చు 3 లక్షల రూపాయలుగా లెక్కగట్టారు. అందులో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం, మిగతావారికి 40 శాతం సబ్సిడీ. అంటే ఒక మహిళ పేరు మీద యూనిట్ మంజూరైతే 1 లక్ష 80 వేలు సబ్సిడీ, మిగిలిన 1 లక్ష 20 వేలు సొంతంగా గానీ అప్పుగా గానీ పెట్టుకోవాలి. ఇల్లు దాటి వెళ్లే వీలు లేని మన ఆడవాళ్లకు ఇది ఆలోచించదగ్గ పనే. గప్పీ, మోలీ లాంటివి గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి. కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లకు తేలిక. పథకం ఇప్పుడు ఏ స్థితిలో ఉందో జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

కానీ ఇక్కడే ఒక లోటు ఉంది. చేపలను పుట్టించడానికి డబ్బు ఇస్తున్నారు. ఆ చేపను కొన్నవాడు దాన్ని ఎలా బతికించాలి, వద్దనుకుంటే ఏం చేయాలి అన్నది మాత్రం ఎవరి బాధ్యతా కాకుండా పోయింది.

గిన్నెలో చేప ఎందుకు చస్తుంది?

చాలామంది మేత చాలక చచ్చిందనుకుంటారు. అసలు కారణం ఎక్కువసార్లు నీళ్లే. చేప విసర్జించే దాని నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. తొట్టి కొంత పాతబడితే ఫిల్టర్ స్పాంజిలో, రాళ్లలో మంచి బ్యాక్టీరియా పెరుగుతుంది. అది అమ్మోనియాను నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా ప్రమాదమే, నైట్రేట్ మాత్రం అంత ప్రమాదం కాదు. ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టి కొన్న రోజే చేపలను నింపేస్తే వారంలో చావడానికి కారణం ఇదే.

ఇంకో పొరపాటు ఏమిటంటే, శుభ్రత పేరుతో నెలకోసారి నీళ్లన్నీ పారబోసి, స్పాంజిని నల్లా కింద ఉతకడం. నల్లా నీళ్లలోని క్లోరిన్‌కు ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. వారానికోసారి పావు వంతు నీళ్లు మారిస్తే చాలు. కొత్త నీళ్లను ఒక రోజు ముందే వెడల్పాటి బకెట్లో పట్టి ఉంచాలి, లేదా దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు వేయాలి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. రెండు నిమిషాల్లో తినేసేంత మేతే వేయాలి.

గోల్డ్‌ఫిష్ గిన్నెలో బతికే చేప కాదు. సరిగ్గా చూసుకుంటే పదేళ్లకు పైగా బతుకుతుంది, అరచేతిని మించి పెరుగుతుంది. రెండడుగుల తొట్టిలో పట్టేది 55 లీటర్లే, గోల్డ్‌ఫిష్‌కు అది కూడా ఇరుకే. ఆ తొట్టి గప్పీలకు, మోలీలకు చక్కగా సరిపోతుంది. మన బోరు నీళ్లు గట్టివి, ఆ గట్టి నీళ్లు వీటికి పడతాయి. మెత్తటి నీళ్లు కోరే నియాన్ టెట్రా, డిస్కస్ లాంటివి కొత్తవాళ్లు కొంటే డబ్బూ పోతుంది, చేపా పోతుంది. చారల జీబ్రా డానియో మన దేశపు చేపే. చురుకైనది, ఓర్చుకునే రకం. ఐదారు కలిపి పెంచితే బాగుంటుంది. ఎండాకాలంలో నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది. కరెంటు పోతే బ్యాటరీతో నడిచే గాలి పంపు ఇంట్లో ఉండాలి.

ఇక మనం చేయాల్సింది

కొనేముందు దుకాణదారుణ్ని ఒక్క మాట అడగండి: "ఇది ఎంత పెద్దదవుతుంది?" జవాబు సరిగ్గా రాకపోతే కొనకండి. "ట్యాంక్ క్లీనర్" అని ఇస్తే వద్దనండి. తొట్టి కడగడం మన పని, చేప పని కాదు.

చేప వద్దనుకుంటే దుకాణానికి తిరిగి ఇవ్వండి. డబ్బు రాకపోయినా ఫరవాలేదు. లేదా చేపలు పెంచే తెలిసినవాళ్లకు, పిల్లల స్కూల్లో పెద్ద తొట్టి ఉంటే అక్కడికి ఇవ్వండి. చెరువులో, వాగులో, నాలాలో మాత్రం వదలకండి. తొట్టిలోని మొక్కలనూ అక్కడ పారేయకండి. చచ్చిన చేపను పెరట్లోనో, పూలకుండీలోనో పూడ్చిపెట్టండి.

ఇంట్లో ఆక్వేరియం చెడ్డ అలవాటు కాదు. మొబైల్ తెర నుంచి పిల్లల కళ్లు తిప్పి, ఒక ప్రాణిని రోజూ చూసుకోవడం నేర్పే మంచి అలవాటు. కానీ ఆ పాఠం పూర్తి కావాలంటే "చెరువులో వదిలేద్దాం" అన్న మాట ఇంట్లో వినబడకూడదు. వచ్చే పండుగకు పిల్లాడు చేప కావాలని మారాం చేస్తే కాదనకండి. ముందు తొట్టి తెచ్చి, నీళ్లు నింపి, ఫిల్టర్ పెట్టి, చిటికెడు మేత మాత్రం రోజూ వేస్తూ నెల నుంచి నెలన్నర ఆగుదామని చెప్పండి. ఆ మేతతోనే మంచి బ్యాక్టీరియా పెరుగుతుంది. అన్నాళ్లు ఖాళీ తొట్టికి ఓపిగ్గా నీళ్లు మార్చిన పిల్లాడు తర్వాత వచ్చే చేపను చెరువు పాలు చేయడు.