జౌళి మంత్రి గారూ, ఆ లెక్కలో గుంట మగ్గం ఏదీ?



2030 నాటికి మన జౌళి పరిశ్రమను 35 వేల కోట్ల డాలర్లకు చేర్చాలని, అందులో 10 వేల కోట్ల డాలర్లు ఎగుమతుల ద్వారా రావాలని మీ శాఖ లక్ష్యం పెట్టుకుంది. పరిశ్రమ పెరగాల్సిందే. వ్యవసాయం తర్వాత దేశంలో ఎక్కువ మందికి అన్నం పెడుతున్నది ఇదే. యూరప్ కొనుగోలుదార్లు బట్ట పుట్టుక అడుగుతున్నారు కాబట్టి పర్యావరణం సంగతి కూడా ఇప్పుడు మీ పత్రాల్లోకి వచ్చింది. అదీ మంచిదే. నా పేచీ లెక్క దగ్గరే. పర్యావరణాన్ని కాపాడటమంటే కొత్త యంత్రాలు కొనడమే అన్నట్టు మీ పథకాలు నడుస్తున్నాయి. ముందునుంచీ కరెంటు లేకుండా బట్ట నేస్తున్నవాళ్లు ఆ లెక్కలోకే రావడం లేదు.

మా వరంగల్ సంగతే చూడండి. 4,445 కోట్లతో దేశంలో ఏడు పీఎం మిత్ర పార్కులు పెడుతున్నారు. వాటిలో ఒకటి ఇక్కడే, గీసుగొండ, సంగెం మండలాల్లో, 2017లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసిన చోట. పొలంలో పత్తి మొదలు విదేశానికి వెళ్లే దుస్తుల దాకా అన్నీ ఒక వరుసలో ఉండాలన్నది ఈ పార్కుల నినాదం. చుట్టూ పత్తి చేలే. దగ్గర్లోనే ఎనుమాముల పత్తి మార్కెట్. అయినా ఈ పార్కుకు ముందుగా వచ్చినవాటిలో ఒకటి వాడిపారేసిన ప్లాస్టిక్ సీసాలతో పాలిస్టర్ తీసే ఫ్యాక్టరీ. దాని మీద నాకు కోపం లేదు. కాలవలో పడాల్సిన సీసా నూలైతే నయమే. కానీ ఆ బట్ట ఉతికినప్పుడల్లా కంటికి కనపడని ప్లాస్టిక్ పోగులు నీళ్లలో కలుస్తాయి. సీసాను మళ్లీ సీసా చేయవచ్చు, చొక్కా చేస్తే చాలావరకు దాని ప్రయాణం అక్కడితో సరి. ఇక పక్క చేలో పండిన పత్తి? బేళ్లుగా మారి, లారీకెక్కి, తమిళనాడు, గుజరాత్ మిల్లులకు పోతోంది. 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు మూతపడ్డాక ఓరుగల్లు పత్తికి ఓరుగల్లులో ఇల్లు లేదు.

పైగా 2025 ఆగస్టులో, అమెరికా సుంకాల దెబ్బకు ఎగుమతిదార్లు గగ్గోలు పెడితే, పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేశారు. ముందు సెప్టెంబరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు ఆఖరుకు పొడిగించారు. సరిగ్గా మా రైతు పత్తి తీసి మార్కెట్‌కు తెచ్చే నెలలవి.

మీ 10,683 కోట్ల ఉత్పత్తి ప్రోత్సాహకం కృత్రిమ నూలు బట్టలకూ, టెక్నికల్ టెక్స్‌టైల్స్‌కూ మాత్రమే. 2025 సెప్టెంబరులోనే కృత్రిమ పోగుపై జీఎస్టీ 18 నుంచి, ఆ నూలుపై 12 నుంచి 5 శాతానికి దిగింది. చేనేత బట్ట మీద 2017 నుంచీ ఉన్న 5 శాతం అలాగే ఉంది. పెట్రోలియం నుంచి తీసిన పోగూ, పోచంపల్లి గుంట మగ్గం మీద కాళ్లతో తొక్కి నేసిన చీరా ఇవాళ ఒకే శ్లాబులో కూర్చున్నాయి. ఇది పర్యావరణ విధానమంటే ఎలా నమ్మమంటారు?

1995-96 గణనలో దేశంలో చేనేత కార్మికులు 65 లక్షల పైచిలుకు. 2019-20 నాటికి 35 లక్షలు. వీళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. మూడింట రెండు వంతుల నేత కుటుంబాల రాబడి అప్పటికి నెలకు 5 వేలు కూడా లేదు. వీళ్లకు కావలసింది చిలప నూలు, అంటే విడి చుట్టలుగా వచ్చే నూలు. చిలపలుంటేనే ఇంటి దగ్గర రంగు అద్దుకోగలరు, ఆసు పోసుకోగలరు. మిల్లులు దేశంలో వాడకానికి ఇచ్చే నూలులో సగం చిలపలుగా ఇవ్వాలని ఒకప్పుడు నిబంధన. 2003లో దాన్ని 40 శాతం చేశారు, 2019లో 30. మరుసటి ఏడు, చేనేత దినోత్సవానికి కొద్ది రోజుల ముందు, అఖిల భారత చేనేత బోర్డునే రద్దు చేశారు. మీరు అప్పటికి ఈ శాఖలో లేరు, నిజమే. ఆ ఉత్తర్వులు మాత్రం ఇంకా మీ బీరువాలోనే ఉన్నాయి.

చేనేతలో అంతా పచ్చగా ఉందని నేననను. మన అద్దకం ఊళ్లలో రసాయన రంగు నీళ్లు వీధి కాలవల్లోకే పోతున్నాయి. అందుకే రంగుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దంటున్నాను. తిరుప్పూరు బట్టల ఎగుమతులు చూసి దేశం మురిసిన రోజుల్లోనే అక్కడి నొయ్యల్ నది చచ్చిపోయింది. సాగునీటికని కట్టిన ఒరత్తుపాళయం డ్యాం అద్దకం మురుగుకు మడుగైంది. ఆ నీళ్లు మా చేలకు వదలొద్దని రైతులే మొత్తుకున్నారు. 2011లో మద్రాసు హైకోర్టు ఏడు వందలకు పైగా అద్దకం యూనిట్లను మూయించాకగానీ చుక్క నీరు బయటికి వదలని శుద్ధి విధానం గట్టిగా అమల్లోకి రాలేదు. శుద్ధి తర్వాత మిగిలే ఉప్పు, బురద గుట్టల్ని ఏం చేయాలన్న చిక్కు ఇంకా ఉంది. వరంగల్ పార్కు పక్కన చెరువులున్నాయి, వరి మళ్లున్నాయి. కోర్టు చెప్పేదాకా ఆగకుండా ఎంత నీరు తీసుకున్నారు, ఎంత శుద్ధి చేశారు, బురద ఎక్కడ పోశారు అన్నది మొదటి రోజు నుంచే ఊరివాళ్లకు కనపడేలా బోర్డు మీద రాయించండి.

మన దగ్గర దారి చూపించినవాళ్లూ ఉన్నారు. దూదిని బేళ్లుగా బిగించకుండానే చిన్న యంత్రాలతో వడికి, ఆ నూలుతో మగ్గాల మీద నేయించే మల్ఖా తెలంగాణలోనే పెరిగింది. పత్తిని రాయిలా బిగించి మళ్లీ విప్పే యంత్రాల ఖర్చు, కరెంటు రెండూ అందులో తప్పుతాయి. కృష్ణా జిల్లా పెడనలో కరక్కాయ, మంజిష్ఠ, నీలిమందులతో అద్దే కలంకారీ ఇంకా బతికే ఉంది. పార్కులో వందల ఎకరాలు కంపెనీలకు కేటాయిస్తున్నారు కదా, ఓ మూల ఇలాంటి చిన్న నూలు కేంద్రానికి చోటివ్వండి. వరంగల్ పత్తి అక్కడ నూలై, చిలపలుగా చుట్టుపక్కల మగ్గాలకు చేరనివ్వండి. చిలప నూలు వాటాను తిరిగి 40 శాతం చేయడం మీ సంతకంతో అయ్యే పని.

జీఎస్టీ కౌన్సిల్ మీ చేతిలో లేదని తెలుసు. అయినా వచ్చే చేనేత దినోత్సవాన, ఆగస్టు 7న, ఇకత్ కండువా వేసుకుని వేదికెక్కే ముందు, చేనేత మీది ఆ 5 శాతం తీసేయమని ఆర్థిక మంత్రి గారికి ఒక ఉత్తరం రాయండి.

భవదీయుడు,
వరంగల్ నుంచి ఒక పాఠకుడు